నొప్పి లేని ఆనెకాయను ఎవరికి చూపించాలి?

ప్రశ్న: నా వయసు 61. మర్రిపాలెంలో ఉంటున్నాం. పద్నాలుగేళ్ళుగా మధుమేహం ఉంది. మాత్రలతో పాటు రెండేళ్ళుగా రాత్రిపూట ఇన్సులిన్ కూడా తీసుకుంటున్నాను. కుడి అరికాలిలో బొటనవేలి మొదట ఒక ఆనెకాయ ఉంది. నొప్పి లేదు. ఈమధ్య దాని మధ్యలో గోధుమరంగు చుక్క ఒకటి కనిపిస్తోందని మావారు అంటున్నారు. చూపు మందగించడం వల్ల నా గోళ్ళు నేను తీసుకోలేను. మావారే తీస్తారు, ఆనెకాయ పెరిగినప్పుడల్లా బ్లేడుతో పైపైన చెక్కుతారు. మందుల షాపులో ఆనెలకు అంటించే పట్టీ ఇచ్చారు, ఇంకా వాడలేదు. బ్యూటీ పార్లరులో పెడిక్యూర్ చేయించుకోమని మా కోడలు అంటోంది. షుగరు డాక్టరు గారు రిపోర్టులు చూసి మందులు రాస్తారు గానీ ఇంతవరకు నా కాళ్ళు చూడలేదు. ఏమనుకుంటారోనని నేనూ అడగలేదు. కాళ్ళకని వేరే డాక్టర్లు ఉంటారా? విశాఖలో ఎక్కడికి వెళ్ళాలి? ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ చేస్తానని మొక్కుకున్నాను, చేయవచ్చా?
ఒక పాఠకురాలు

సమాధానం: మీరు అడిగిన ప్రశ్నలన్నిటికంటే, మాటవరసకు రాసిన ఆ గోధుమరంగు చుక్క సంగతి ముఖ్యమైనది. ఆనెకాయ కింద మెత్తని కండ నలిగి లోపల కాస్త రక్తం చేరినప్పుడు అది పైకి గోధుమరంగుగానో నల్లగానో కనిపిస్తుంది. షుగరు ఉన్నవారి పాదంలో దీన్ని పుండుకు ముందు దశగానే వైద్యులు భావిస్తారు, ఒక్కోసారి ఆ గట్టి చర్మం కింద పుండు అప్పటికే ఏర్పడి ఉంటుంది కూడా. ఉత్తరం చదివి మీది ఫలానా అని నేను నిర్ధారించలేను కాని, వచ్చే నెల చెకప్ దాకా ఆగవలసిన విషయం మాత్రం ఇది కాదు. రెండు మూడు రోజుల్లోనే పాదాన్ని వైద్యునికి చూపించండి. అప్పటివరకు ఇంట్లో కూడా చెప్పులు లేకుండా నడవకండి, ఆ చోటును గిల్లడం, చెక్కడం, వేడినీళ్ళలో నానబెట్టడం వంటివేవీ చేయకండి. మీవారు మీ మీద శ్రద్ధతోనే ఆ పని చేస్తున్నారని తెలుసు, అయినా ఆ బ్లేడును ఈ రోజుతో పక్కన పెట్టేయమని చెప్పండి.

నొప్పి లేదు కదా అన్న ధైర్యమే ఈ జబ్బులో మనిషిని మోసం చేస్తుంది. చాలా ఏళ్ళుగా షుగరు ఉన్నవారిలో పాదాలకు వెళ్ళే నరాలు క్రమంగా దెబ్బతింటాయి. కొందరికి తిమ్మిర్లు, మంటలు వస్తాయి, మరికొందరికి ఏ సూచనా లేకుండానే స్పర్శ తగ్గిపోతుంది. చెప్పులో గులకరాయి పడితే మనం రెండడుగులు వేసేలోపే ఆగి దులిపేస్తాం. స్పర్శ పోయిన పాదం మాత్రం అదే రాయి మీద సాయంత్రం దాకా నడుస్తుంది. ఆనెకాయ కూడా ఆ రాయి చేసే పనే చేస్తుంది. ఒత్తిడి పడిన చోట చర్మం మందమవుతుంది, మందమైన చర్మం అక్కడే ఇంకా ఒత్తిడి పెంచుతుంది, చివరకు కింది కండ చితుకుతుంది. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో 1940ల చివరి నుంచి కుష్ఠురోగుల మధ్య పనిచేసిన శస్త్రవైద్యుడు పాల్ బ్రాండ్ గమనించినది కూడా ఇదే. రోగుల కాళ్ళు, వేళ్ళు వాటంతటవే కుళ్ళి రాలిపోవడం లేదనీ, నొప్పి తెలియకపోవడం వల్ల కలిగే గాయాలు, ఒకేచోట పదేపదే పడే ఒత్తిడి వాటిని పాడుచేస్తున్నాయనీ ఆయన చూపించారు. తరువాత అమెరికా వెళ్ళి అదే అవగాహనను మధుమేహ రోగుల పాదాలకు అన్వయించారు. ఈ రోజు ప్రపంచమంతా పాటించే పాద సంరక్షణ పద్ధతుల్లో కొంత భాగానికి మూలం మన పక్క రాష్ట్రంలోనే ఉన్నదన్న సంగతి మనలో చాలామందికి తెలియదు.

ఇక కాళ్ళకు వేరే డాక్టర్లు ఉంటారా అన్న ప్రశ్న. బ్రిటన్, అమెరికా, ఆస్ట్రేలియా వంటి దేశాల్లో పోడియాట్రిస్టు అని పాదాల కోసమే ప్రత్యేకంగా చదువుకున్నవారు ఉంటారు. మన దేశంలో ఆ వృత్తి ఇంకా వేళ్ళూనుకోలేదు. అందువల్ల ఆ పనిని ఇక్కడ నలుగురైదుగురు పంచుకుంటారు. షుగరు డాక్టరు లేదా ఎండోక్రైనాలజిస్టు పాదాన్ని పరీక్షించి ప్రమాదం ఎంతో తేలుస్తారు. ఆనెకాయ తీయడం, పుండు శుభ్రం చేయడం జనరల్ సర్జన్ గాని, ప్లాస్టిక్ సర్జన్ గాని, పాద సంరక్షణలో శిక్షణ పొందిన వైద్యుడు గాని చేస్తారు. రక్తప్రసరణ తగ్గిందని తేలితే వాస్క్యులర్ సర్జన్ దగ్గరకు పంపుతారు. ఎముక, కీలు వంకర తిరిగితే ఎముకల డాక్టరు, పాదానికి తగిన చెప్పులు, లోపలి అట్టలు తయారు చేయడానికి ఆర్థోటిస్టు కావాలి. వీళ్ళందరినీ ఒక్క రోజులో కలవాలనుకోకండి, మొదటివారు సరిగ్గా చూస్తే మిగిలినవారిలో ఎవరు అవసరమో వారే చెబుతారు.

ఆ మొదటివారు మీకు మందులు రాస్తున్న డాక్టరు గారే కావడం మంచిది, మీ షుగరు చరిత్ర అంతా వారి దగ్గర ఉంది కనుక. ఏమనుకుంటారోనన్న సంకోచం అక్కర్లేదు. ఓపీ రద్దీలో రోగి బూట్లు, మేజోళ్ళు విప్పించి చూసే తీరిక చాలామంది వైద్యులకు దొరకడం లేదు. అది సబబని నేను అనను, కాని వాస్తవం అది. మీ వంతు రాకముందే చెప్పులు విప్పి కూర్చోండి. లోపలికి వెళ్ళగానే, రిపోర్టులు చేతికివ్వకముందే, "డాక్టరు గారూ, అరికాలిలో ఆనెకాయ మధ్య గోధుమరంగు చుక్క కనిపిస్తోంది, ఒకసారి చూడండి, స్పర్శ పరీక్ష కూడా చేయించండి" అని చెప్పండి. అంత స్పష్టంగా చెప్పిన తరువాత కూడా పాదం ముట్టుకోకుండా చీటీ రాస్తే, డాక్టరును మార్చడం గురించి ఆలోచించవచ్చు.

రెండు మూడు రోజుల్లో వారి అపాయింట్‌మెంటు దొరకకపోతే మహారాణిపేటలోని కింగ్ జార్జి ఆసుపత్రికి వెళ్ళండి. ఆంధ్ర వైద్య కళాశాలకు అనుబంధమైన ఆ ఆసుపత్రిలో ఎండోక్రైనాలజీ విభాగమూ, శస్త్రచికిత్స విభాగాలూ ఉన్నాయి. ఓపీ ఉదయం పూట కనుక పెందలాడే చేరుకోవడం మంచిది, మీ వెంట ఒకరు ఉండాలి. క్యూలో గంటల తరబడి ఆ కాలి మీద నిలబడకుండా మీవారిని నిలబెట్టి మీరు కూర్చోండి. ప్రైవేటుగా వెళ్ళదలచుకుంటే, నగరంలో డయాబెటిక్ ఫుట్ క్లినిక్ అని బోర్డు పెట్టినవాటిలో పేరు చూసి కాక పద్ధతి చూసి ఎంచుకోండి. ఫోనులోనే నాలుగు సంగతులు అడగవచ్చు. పాదం చూసేది అర్హత ఉన్న వైద్యుడా, టెక్నీషియనా? స్పర్శ పరీక్ష, రక్తప్రసరణ పరీక్ష రెండూ చేస్తారా? పరికరాలను ఒక్కొక్కరికీ వేరుగా స్టెరిలైజ్ చేస్తారా? రక్తనాళం పూడుకుపోయిందని తేలితే ఏ సర్జన్ దగ్గరకు పంపుతారు? వీటికి తడబడకుండా జవాబు చెప్పేచోటికి వెళ్ళండి. పాదం చూడకముందే ఖరీదైన చెప్పులనో, పది సిట్టింగుల ప్యాకేజీనో అంటగట్టే చోటి నుంచి మర్యాదగా లేచి రండి.

మొదటిసారి వెళ్ళేటప్పుడు తాజా హెచ్‌బీఏ1సీ (సుమారు మూడు నెలల సగటు షుగరు) రిపోర్టు, వాడుతున్న మందుల చీటీ, రోజూ ఎక్కువగా తొడిగే చెప్పుల జత తీసుకువెళ్ళండి. చెప్పు అరుగుదలను బట్టి ఒత్తిడి ఎక్కడ పడుతోందో అనుభవం ఉన్నవారు పోల్చుకోగలరు. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వంటి రక్తం పలచబరిచే మందులు వాడుతుంటే వైద్యుడు బ్లేడు పట్టుకోకముందే చెప్పాలి. ఆ రోజు కాళ్ళకు పసుపు రాసుకోకండి. శుభకార్యం ఏదైనా ఉండి పారాణి పెట్టించుకుని ఉంటే ఆ సంగతి చెప్పండి. చర్మం ఎర్రబడిందా, నీలంగా మారిందా, పాలిపోయిందా అన్నది ఆ రంగుల కింద కనిపించదు. చుట్ట అలవాటు ఉంటే దాచవద్దు. మన ఉత్తరాంధ్రలో పెద్దవయసు ఆడవారిలో అడ్డపొగ, అంటే చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని, తాగేవారు ఇప్పటికీ ఉన్నారు, వైద్యుని ఎదుట ఒప్పుకోవడానికి సిగ్గుపడతారు. పొగాకు కాలి రక్తనాళాలకు చేసే చెరుపు షుగరు చేసే చెరుపుతో కలిస్తే ఎంతో పెరుగుతుంది కనుక ఇది వైద్యునికి తెలియవలసిన విషయం.

అక్కడ జరిగే పరీక్షలు ఏవీ బాధ పెట్టేవి కావు. మిమ్మల్ని కళ్ళు మూసుకోమని, మోనోఫిలమెంట్ అనే సన్నని నైలాను పోగును అరికాలిలో కొన్ని చోట్ల ఆనిస్తారు. సరిగ్గా 10 గ్రాముల ఒత్తిడికి వంగేలా తయారైన పోగు అది. అది తగిలిన సంగతి మీకు తెలియకపోతే, పాదాన్ని కాపాడే స్పర్శ అక్కడ పోయినట్టు లెక్క. ఆనెకాయ మీద ఆనిస్తే ఫలితం తప్పు వస్తుంది కాబట్టి దాని పక్కన ఆనిస్తారు. 128 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్కును బొటనవేలిపై ఉంచి అదురు తెలుస్తోందా అని అడుగుతారు. కొన్నిచోట్ల ఇదే పనికి బయోథీసియోమీటర్ అనే యంత్రం వాడి అంకెలతో కాగితం ఇస్తారు. మీగాలి మీద, లోపలి చీలమండ వెనక నాడి పట్టి చూస్తారు. నాడి సరిగా అందకపోతే, రక్తప్రవాహాన్ని శబ్దతరంగాలతో పట్టే డాప్లర్ పరికరంతో చీలమండ దగ్గరి రక్తపోటును చేతి రక్తపోటుతో పోలుస్తారు. ఆ నిష్పత్తి 0.9 కంటే తక్కువ ఉంటే కాలికి రక్తం తక్కువగా అందుతోందని అర్థం. అయితే షుగరు ఉన్నవారిలో రక్తనాళాల గోడలు గట్టిపడి ఈ అంకె ఉండవలసినదానికంటే ఎక్కువ చూపవచ్చు, 1.3 దాటితే దాన్ని నమ్మకుండా కాలివేలి దగ్గర రక్తపోటు చూడమని అడగాలి. అంకె బాగుంది కదా అని ఇక్కడే చాలామంది నిశ్చింతగా ఇంటికి వెళ్ళిపోతారు కాబట్టి ఈ సంగతి ప్రత్యేకంగా రాస్తున్నాను.

ఆ తరువాత ఆనెకాయ తీస్తారు. స్టెరైల్ బ్లేడుతో మందమైన మృతచర్మాన్ని పొరలు పొరలుగా, కింద బతికి ఉన్న చర్మం తగిలేదాకా పలచబరుస్తారు. ఇది మత్తు ఇవ్వకుండానే చేసే పని. ఇదే పనిని మీవారూ బ్లేడుతోనే చేస్తున్నారు కదా, తేడా ఏమిటని మీకు అనిపించవచ్చు. మృతచర్మం ఎక్కడ ఆగి బతికిన చర్మం ఎక్కడ మొదలవుతుందో చూసి తెలుసుకునే నేర్పు వైద్యులకు ఉంటుంది. కింద పుండు బయటపడితే దాని లోతు ఎముక దాకా పోయిందా అని అక్కడికక్కడే చూడగలరు, అవసరమైతే ఎక్స్‌రే తీయిస్తారు. అంతకుముందే రక్తప్రసరణ చూసి ఉంటారు కనుక ఎంతవరకు చెక్కడం క్షేమమో వారికి తెలుసు. తెగినా నొప్పి తెలియని కాలిని, రక్తం సరిగా అందుతోందో లేదో తెలియకుండా ఇంట్లో చెక్కడం ఎంత సాహసమో ఇప్పుడు మీరే ఊహించవచ్చు. తీసేసిన ఆనెకాయ కొన్ని వారాల్లో మళ్ళీ పెరగడం సహజం. ఒత్తిడి తగ్గించే చెప్పులు లేకపోతే అది తప్పదు, అంతమాత్రాన వైద్యం విఫలమైందని అనుకోకండి.

ఎన్నాళ్ళకోసారి చూపించాలన్నదానికి, మధుమేహ పాదంపై పనిచేసే అంతర్జాతీయ నిపుణుల బృందం ఒక లెక్క చెప్పింది. స్పర్శ, రక్తప్రసరణ రెండూ బాగున్నవారికి ఏడాదికి ఒకసారి చాలు. వాటిలో ఏదో ఒకటి తగ్గినవారు 6 నుంచి 12 నెలలకు ఒకసారి, రెండూ తగ్గినవారు, లేదా ఒకటి తగ్గి దానికి తోడు పాదం ఆకారం మారినవారు 3 నుంచి 6 నెలలకు ఒకసారి రావాలి. ఇదివరకు పుండు పడి మానినవారు, వేలో పాదమో తీసివేయించుకున్నవారు 1 నుంచి 3 నెలలకు ఒకసారి చూపించుకోవాలి. మీరు ఏ కోవలోకి వస్తారో పరీక్ష తరువాత వైద్యుణ్ణి అడిగి చీటీ మీద రాయించుకోండి. కంటిచూపు తగ్గింది కనుక గోళ్ళు తీయించుకోవడానికి కూడా అదే చోటికి వెళ్ళడం మంచిది. మధ్యలో గోళ్ళు పెరిగితే మీవారు కత్తిరించే బదులు గోరు అంచును ఆకురాయితో అడ్డంగా, తిన్నగా రాస్తే సరిపోతుంది. మూలలు లోపలికి తవ్వితే గోరుచుట్టు లేస్తుంది.

మందుల షాపువారు ఇచ్చిన ఆ పట్టీని పారేయండి. ఆనెలకు అంటించే పట్టీల్లో సాధారణంగా శాలిసిలిక్ ఆమ్లం ఉంటుంది. ఆనెకాయకూ మామూలు చర్మానికీ దానికి తేడా తెలియదు, స్పర్శ లేని కాలిలో అది చర్మాన్ని కాల్చి పుండు చేసినా మీకు తెలియదు. పెడిక్యూర్ విషయంలో మీ కోడలికి నచ్చచెప్పండి. ఆమె ఆలోచన మంచిదే, ఆరోగ్యవంతుల కాళ్ళకు అది సుఖమే. పలువురు కాళ్ళు పెట్టే తొట్టి, వేడినీళ్ళు, మడమలను గీకే రాయి, గోటి చుట్టూ చర్మం కత్తిరించడం, ఇవేవీ మీ కాళ్ళకు తగవు. మడమల పగుళ్ళకు రాత్రిపూట యూరియా ఉన్న క్రీము పలచగా రాసుకోవచ్చు, వేళ్ళ సందుల్లో మాత్రం రాయకూడదు. విశాఖ ఉక్కకు, చెమటకు వేళ్ళ సందులు ఎప్పుడూ చెమ్మగా ఉండి ఒరిసిపోతాయి, స్నానం తరువాత అక్కడ మెత్తని గుడ్డతో అద్ది ఆరబెట్టుకోవాలి.

చెప్పుల గురించి కొంత చెప్పాలి. బొటనవేలి సందులో పట్టీ ఉండే హవాయి చెప్పు మీకు పనికిరాదు. అది జారకుండా వేళ్ళతో పట్టి ఉంచాలి, ఆ పట్టు వల్లే వేళ్ళ మొదట ఒత్తిడి పెరుగుతుంది, సందులో ఒరుసుకుంటుంది. మడమ వెనక పట్టీ, పైన వదులూ బిగువూ చేసుకునే వెల్‌క్రో, ముందు వేళ్ళకు చోటు ఉన్న శాండల్స్ తీసుకోండి. మెత్తని ఎంసీఆర్ (మైక్రో సెల్యులర్) రబ్బరు అడుగు ఉన్నవి మన దగ్గర చాలాకాలంగా వాడుకలో ఉన్నాయి, కింగ్ జార్జి ఆసుపత్రి పరిసరాల్లోని మందుల, వైద్య పరికరాల దుకాణాల్లో అడిగి చూడండి. సాయంత్రానికి పాదాలు కాస్త వాస్తాయి కాబట్టి ఆ వేళే కొనాలి. కొత్తవి మొదట్లో గంటసేపు తొడిగి, విప్పి, ఎక్కడైనా ఎర్రబడిందేమో మీవారిని చూడమనండి.

మీరు అడగని సంగతి ఒకటి ఉంది. మెట్టెలు. ఎప్పుడో పెళ్ళినాడు తొడిగినవి ఇప్పుడు వేలికి బిగిసి ఉండవచ్చు. పాదం వాచినప్పుడు అవి వేలిని కోస్తాయి, వాటి కింద చెమ్మ చేరి చర్మం పాడవుతుంది. తీయడం అశుభమన్న పట్టింపు నాకు తెలుసు, దాన్ని తేలిక చేయను. కంసాలి దగ్గర కోయించి, చివరలు నున్నగా అరగదీయించి, వదులు చేసుకునే రకంగా మార్పించుకోండి. వేలికి పుండుగాని వాపుగాని ఉన్నన్నాళ్ళు మాత్రం వాటిని తీసి దేవుడి దగ్గర పెట్టుకోవడమే మేలు.

కొన్ని లక్షణాలు కనిపిస్తే అపాయింట్‌మెంటు కోసం చూడకూడదు. పాదం మీద ఎరుపు పాకడం, చీము, దుర్వాసన, వేలు నల్లబడటం, చలిజ్వరం, కారణం తెలియకుండా షుగరు ఒక్కసారిగా పెరగడం, వీటిలో ఏది కనిపించినా రాత్రయినా సరే ఆసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్ళాలి, నడవకుండా వెళ్ళాలి. ఇంకొకటి ఉంది, దీన్ని వైద్యులు కూడా ఒక్కోసారి పొరబడతారు. పుండు ఏమీ లేకుండా ఒక పాదం వాచి, రెండోదాని కంటే వేడిగా, ఎర్రగా ఉంటే బెణికిందని మందు రాసుకుని తిరగకండి. స్పర్శ పోయిన పాదంలో ఎముకలు, కీళ్ళు విరిగి కూలిపోయే షార్కో పాదం ఇలాగే మొదలవుతుంది, మొదట్లో ఎక్స్‌రేలో ఏమీ కనిపించకపోవచ్చు. ఆ కాలి మీద బరువు మోపకుండా వెంటనే వైద్యునికి చూపించి పిండికట్టు వేయించుకుంటే పాదం ఆకారం నిలిచే అవకాశం ఉంటుంది.

గిరి ప్రదక్షిణ ఈ ఏడాది వద్దు. కొండ దిగువన మెట్లు మొదలయ్యే తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, కొండ చుట్టూ సుమారు 32 కిలోమీటర్లు, చాలామంది చెప్పులు లేకుండా తారురోడ్డు మీద నడిచే యాత్ర అది. మీ పాదం ఇప్పుడున్న స్థితిలో, చెప్పులు తొడిగినా, అంత దూరం నడవడం ఆ చుక్కను పుండుగా మార్చడానికి చాలు. మొక్కును మీ తరఫున మీ అబ్బాయో మీవారో నడిచి తీర్చవచ్చు. పాదం కుదుటపడి వైద్యుడు సరేనన్న తరువాత, రద్దీ లేని రోజు ఉదయం, రాళ్ళు వేడెక్కకముందు స్వామి దర్శనం చేసుకోండి. మందపాటి నూలు మేజోళ్ళు తొడుక్కోనిస్తారేమో ఆలయం వారిని ముందే అడగండి.

ఖర్చు గురించి మీరు రాయలేదు కాని అందరికీ ఉండే చింతే అది. పరీక్షకు, ఆనెకాయ తీయడానికి అయ్యేది పెద్ద మొత్తం కాదు, శస్త్రచికిత్స దాకా వస్తేనే భారం. మీ కుటుంబానికి రాష్ట్ర ప్రభుత్వ ఉచిత చికిత్స పథకమైన ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు ఉంటే, మీరు వెళ్ళే ఆసుపత్రి ఆ పథకం జాబితాలో ఉందో లేదో, మీకు చెప్పిన చికిత్స అందులోకి వస్తుందో రాదో అక్కడ ఆ పథకం తరఫున సహాయం చేసే ఆరోగ్యమిత్రను అడిగి, చేరకముందే తేల్చుకోండి.